మదిరాన్ వగరు

పాలంకి సత్యవర్ధన్ మాస్టారిని ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పరు. తనకు తెలిసిన ఎవరి సంగతో ఎత్తుకుంటారు. అది పూర్తయ్యేసరికి మన ప్రశ్న ఏమైందో మనమే వెతుక్కోవాలి. ఆయన పుట్టింది ద్రాక్షారామంలో. పేరులో తప్ప ద్రాక్ష కనపడని ఆ ఊరి నుంచి బయల్దేరి, ఫ్రాన్సులో ద్రాక్షతోటల మధ్య ఏళ్లతరబడి పనిచేసి తిరిగొచ్చారు. ఇప్పుడు హైదరాబాదులో, పెద్ద హోటళ్లలో వైన్ వడ్డించే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు రుచి చూడడం నేర్పుతున్నారు. ఆయన దగ్గర చేరిన మాలో అందరికన్నా చురుకైన నాలుక హిమజది. నచ్చనిదాన్ని నచ్చలేదని మొహం మీదే చెప్పే అలవాటూ ఆమెకే ఉంది.

ఒకరోజు మాస్టారు మా ముందు మదిరాన్ అనే ఎర్ర వైన్ పెట్టారు. హిమజ ఒక గుక్క నోట్లో తిప్పి, మొహం చిట్లించి, గ్లాసు పక్కకు జరిపింది.

“మాస్టారూ, దీని గుణమేమిటని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పేస్తాను. వగరు. పచ్చి వక్క నమిలినట్టు నాలుక బిగుసుకుపోయింది. ఇంత మొరటుదాన్ని పట్టుకుని గొప్ప వైన్ అని ఎందుకంటారు?”

మాస్టారు హిమజ జరిపేసిన గ్లాసును తన ముందుకు జరుపుకుని, రేమండ్ సంగతి మొదలుపెట్టారు.

మదిరాన్‌లో ఒక కొండవాలు మీద రేమండ్ కాజ్నావ్ అనే ఆయనకు ద్రాక్షతోట ఉండేది. మాస్టారు కొన్నాళ్లు ఆయన దగ్గర పనిచేశారు. రేమండ్ మాట మహా పెళుసు. ఆయన క్షేమ సమాచారం అడిగినా ఎదుటివాళ్లకు తిట్టినట్టే వినపడేది. భార్య పోయాక ఇంట్లో ఆయన, అక్క మార్గరీత్, కూతురు సొలాంజ్ మిగిలారు. సొలాంజ్ చదువుకునేచోట బోర్డో వైపు అబ్బాయి ఎతియెన్‌ను ఇష్టపడింది. వాళ్లకూ తోటలున్నాయి. అయితే అక్కడి వైన్ మెత్తన, తాగితే గొంతులోకి పట్టుగుడ్డలా జారిపోతుంది. ఎతియెన్ తల్లి హెలెన్ కూడా అలాంటి మనిషే. కోపం వచ్చినా గొంతు పెంచకుండా, ఒక్క మాట తూలకుండా, కాదనవలసినదాన్ని నవ్వుతూ కాదనేసే రకం.

పెళ్లి మాటలు మాట్లాడుకోవడానికి ఒక ఆదివారం హెలెన్ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. రేమండ్ ఆవిడను ఇంట్లోకి పిలవనైనా లేదు. కారు దిగగానే తిన్నగా వైన్ పీపాలుండే కొట్లోకి తీసుకుపోయాడు. ఆయనకు తెలిసిన మర్యాద అదొక్కటే. లోపల చలిగా ఉంది. ఆవిడ కోటు బిగించుకుని, భుజాన సంచీ భుజానే ఉండగా, ఆయన అందించిన గ్లాసు పుచ్చుకుని నిలబడే తాగింది. మింగడానికి కాస్త సమయం పట్టింది.

“చాలా బలమైన వైన్,” అంది చివరికి. “కానీ పెళ్లిలో మా వైన్ పోయిద్దామండీ. వచ్చేవాళ్లు ఎక్కువమంది మావైపు వాళ్లు. దీన్ని తట్టుకోలేరు.”

రేమండ్ మొహం కందగడ్డలా అయిపోయింది.

“మా కొండ మీద పండింది పనికిరాకపోతే మా కొండ మీద పెళ్లెందుకు? మీ ఊళ్లోనే చేసుకోండి. నేను రాను.”

ఆ మాట అనేసి పీపాల వెనక్కి వెళ్లిపోయాడు. హెలెన్ గ్లాసు జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, బయటికి వచ్చి కారు తలుపు తీసింది. ఎతియెన్ ఆ తలుపు పట్టుకుని ఆవిడను బతిమాలుతున్నాడు. ఆవిడ వినేలా లేదు. కొట్టు పక్కనే తోట పనిలో ఉన్న మాస్టారికి ఇదంతా వినపడుతూ, కనపడుతూనే ఉంది కానీ, మధ్యలోకి వెళ్లే ధైర్యం చాలలేదట.

అప్పుడు వంటింట్లోంచి సొలాంజ్ వచ్చింది. చేతులకు పిండి అంటుకునే ఉంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, అయినా తిన్నగా హెలెన్ ఎదురుగా వచ్చి నిలబడింది.

“మేడమ్, మా అత్త పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే నిలబడి బాతు వండుతోంది. మీరు తినకుండా వెళితే నన్నిక బతకనివ్వదు. పెళ్లి మానుకోవాలంటే మానుకుందాం. భోజనం చేశాక మానుకుందాం.”

హెలెన్ ఆ అమ్మాయి వంక చూసింది. కోపంగా ఉండాలనే ప్రయత్నించింది కానీ పెదవుల చివర నవ్వు ఆగలేదు. కారు తలుపు వేసి లోపలికి నడిచింది. అటు మార్గరీత్ కొట్లోకి వెళ్లి, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, బల్ల దగ్గర హెలెన్‌కు ఎదురుగా కూర్చోబెట్టింది. మాస్టారిని కూడా పిలిచింది. ఇంట్లో తగువు నడిచేటప్పుడు బయటివాళ్లు ఒకరుంటే మంచిదని ఆవిడ నమ్మకం.

బల్ల మీదికి భోజనం వచ్చింది. తెల్ల చిక్కుడు గింజలు, వాటి మీద తన కొవ్వులో తానే ఎర్రగా వేగిన బాతు ముక్కలు. రేమండ్ ఎవరి మొహమూ చూడకుండానే, అన్నిటికన్నా మంచి ముక్క కోసి హెలెన్ పళ్లెంలో పెట్టాడు. పొద్దున్న తాగించిన పీపాలోంచే కూజాతో తెచ్చి ఆవిడ గ్లాసు నింపాడు. ఆవిడ కాదనలేక తిన్నది. తిన్నాక దాహమేసి, ఇంకేమీ దొరక్క, ఆ గ్లాసే ఎత్తింది.

ఒక గుక్క తాగి ఆగిపోయింది. మళ్లీ తాగింది. బాతు కొవ్వులో పడి ఆ వగరు ఎక్కడికో పోయింది. దాని వెనకాల ఇన్నాళ్లూ దాక్కున్నట్టు, బాగా పండిన నేరేడుపళ్ల వాసన, వాన పడ్డ మట్టి వాసన ఒక్కసారిగా వచ్చాయి.

“వైన్ మార్చారా?” అని అడిగింది.

“లేదు,” అన్నాడు రేమండ్. “మీరు కూర్చున్నారు.”

మార్గరీత్ పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎతియెన్‌కు అంటుకుంది. అంత మాట తానెలా అనగలిగాడో తెలియక రేమండ్ తలొంచుకుని రొట్టె తుంచుకున్నాడు. హెలెన్ మాత్రం నవ్వలేదు. గ్లాసును కిటికీ వెలుతురుకేసి పట్టి చూస్తోంది.

“నేను కూడా వైన్ చేసేదాన్నే. ఇది మీ చెయ్యి కాదు. మీ చెయ్యి ఇంకా మొరటుగా ఉంటుందనుకుంటాను. ఎవరు చేశారు?”

రేమండ్ గడ్డంతో కూతురివైపు చూపించాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే అన్నాడు. “మొదటిసారి చేసింది. నేను పీపాను ముట్టుకోను కూడా లేదు. తన పెళ్లిలో అందరికీ పోయాలని చేసుకుంది.”

హెలెన్ గ్లాసు కింద పెట్టింది. పొద్దున్న తాను కాదన్నది ఎవరి వైనో ఆవిడకు అప్పుడు అర్థమైంది. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సొలాంజ్ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“ఈ చేతులు మా ఇంటికి వస్తున్నాయని నాకెవరూ చెప్పలేదే,” అంది. తర్వాత రేమండ్ వైపు తిరిగింది. “పెళ్లి ఇక్కడే. చుట్టాలు వచ్చి నిలబడి పలకరించుకునేంతసేపూ మా వైన్ పోద్దాం. కూర్చున్నాక మీ అమ్మాయిది.”

అలాగే చేశారు. పెళ్లినాడు కొండవాలు మీద పొడుగాటి బల్లలు వేశారు. బోర్డో చుట్టాల్లో తొందరపడి సొలాంజ్ వైన్ రుచి చూడబోయినవాళ్ల చేతుల్లోంచి హెలెన్ స్వయంగా గ్లాసులు తీసుకుని, “ముందు కూర్చుని తినండి,” అని కుర్చీలు చూపించింది. కూర్చున్నవాళ్లు పొద్దు వాలేదాకా లేవలేదు. రేమండ్ వియ్యపురాలితో కలిసి నాట్యం చేశాడు. నాలుగుసార్లు ఆవిడ కాలు తొక్కాడని, ఆవిడ అయిదోసారికి కూడా లేచిందని మాస్టారు నవ్వుతూ చెప్పారు.

మేమంతా నవ్వాం. హిమజ మాత్రం ఇంకా పట్టు వదల్లేదు.

“అయితే మాస్టారూ, ఆ మెత్తదనం వైన్‌లో ఉన్నట్టా, బాతులో ఉన్నట్టా?”

మాస్టారు ఆమె వైపు ఆప్యాయంగా చూశారు.

“మదిరాన్ అన్నది ఊరి పేరమ్మా. అంత దూరం వెళ్లినదానివి కూర్చోకుండా గుమ్మంలోంచే తిరిగొచ్చేస్తే ఊరివాళ్లేమనుకుంటారు?” అంటూ ఆ గ్లాసును మళ్లీ ఆమె ముందుకు జరిపారు.