నాలుగు రాజ్యాల భయం

మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు, మధ్యరకం రాజ్యం కుందవరం. దాని సేనాపతి రణమల్లుడు, తమంతటివే అయిన పొరుగు రాజ్యాలు మూడూ చూసొచ్చాడు. వస్తూనే, ఎప్పటినుంచో తను అంటున్న ఏనుగుల్ని ఇక కొనాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ ఖర్చుకు ఇంటికో ఎద్దును జప్తు చేయమని రాజుచేత ఆజ్ఞ ఇప్పించాడు.

గానుగాడించే ఎర్రక్కకు ఉన్నది ఒకటే ఎద్దు. పలుపు వదలకుండా దాన్ని తోలుకునే సభలోకి వచ్చేసింది.

"ఏనుగులెందుకు దొరా?"

"తూర్పు రాజు కోటగోడ పెంచుతున్నాడు!" అన్నాడు సేనాపతి.

"ఆయనెందుకు పెంచుతున్నాడో?"

"దక్షిణపు రాజు ఫిరంగులు పోతపోయిస్తున్నాడని."

"మరి ఆయన?"

"పడమటి రాజు గుర్రాలు కొంటున్నాడని."

"ఆ పడమటాయనకేం వచ్చింది?"

మీసం దువ్వుతున్న చెయ్యి ఆగిపోయింది. "మనం... ఏనుగులు కొంటామని విన్నాడట."

"చూశారా మహాప్రభో! నా ఎద్దూ ఇలాగే తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. కాకపోతే, అది తిరిగితే నూనె వస్తుంది."

రాజు పడీపడీ నవ్వాడు. ఎడ్లను వదిలేయమన్నాడు, ఏనుగులు కొనడం లేదని నలుదిక్కులా చాటింపు వేయించాడు. నెల తిరక్కుండా పడమట గుర్రాల బేరం ఆగింది, దక్షిణాన కొలిమి ఆరింది, తూర్పున గోడ పని ఆగింది.

ఎర్రక్క గానుగ మాత్రం ఆగలేదు.