మూసిన గదిలో భాగహారం

భాగహారానికి మైక్రోకోడ్ రాయడంలో తనంతటివాడు లేడని భార్గవ నమ్మకం. చిప్‌కి ఒక పని చెబితే లోపల ఏ అడుగు తరవాత ఏ అడుగు పడాలో చెప్పే రాత అది. అతను రాసింది చూసి కంపెనీలో తలపండినవాళ్లే ముక్కున వేలేసుకున్నారు. నిజానికి గర్వపడదగ్గ పనే. కాకపోతే అతనికి గర్వపడటం కూడా బాగా వచ్చు.

అంతలో పోటీ కంపెనీ కోర్టుకెక్కింది. ఆ భాగహారం తమ చిప్‌లోంచి కాపీ కొట్టారని దావా. ఓడితే కొత్త చిప్ అమ్మకం ఆగిపోతుంది, భార్గవ మీద దొంగ అన్న ముద్ర పడుతుంది.

అదే కంపెనీలో తనకు ఈ విద్య నేర్పిన రఘోత్తమరావు దగ్గరికి వెళ్లాడు.

"వాళ్ల కోడ్ నేను కంటితో చూళ్లేదు మాస్టారూ. ఇలా రాయడం నాకు తప్ప ఎవరికి చేతనవుతుంది? కోర్టులో అదే చెబుతాను."

"చెబుదువుగాని. ముందు టీ తాగు" అన్నారాయన.

చూడలేదని ఒట్టు వేస్తే ఈ వృత్తిలో చెల్లదు. చూడని మనిషి చేత రాయించి చూపించాలి. రఘోత్తమరావు వేరే విభాగం నుంచి నస్రీన్‌ని పిలిపించారు. ఆమె ఆ రెండు కోడ్‌లూ ఎరగదు. రెండు కంపెనీలూ వాడే చిప్ అమరిక ఒక్కటే ఆమె చేతికిచ్చి, ఫోను తీసుకుని, గదిలో కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని తనే కాపలా ఉన్నారు.

కొన్నాళ్లకి ఆమె రాసింది బయటికొచ్చింది. భార్గవ గబగబా చదివాడు. తనకు ప్రాణమైన మలుపు దగ్గర ఆగిపోయాడు. అచ్చం తనలాగే రాసింది.

"ఇది నీకెలా తట్టింది?"

"ఇంకెలా రాస్తామండీ? ఆ చిప్‌లో మధ్యలో లెక్క దాచుకోడానికి ఒక్కటే చోటుంది కదా" అంది నస్రీన్.

భార్గవ మొహం మాడిపోయింది. మూడో వ్యక్తి కూడా అలాగే రాసిందంటే కేసు సగం గెలిచినట్టే. మిగతా సగం భార్గవ నోట్లో ఉంది.

కోర్టులో అవతలి లాయరు తీయగా మొదలుపెట్టాడు.

"ఇది మామూలు బుర్రకు తట్టే రాత కాదని మీరే అందరితో అన్నారట. నిజమే కదూ?"

అవునంటే, మరి మా రాతతో ఎలా కలిసిందని పట్టుకుంటాడు. ఆ సంగతి భార్గవకీ తెలుసు. అయినా అవుననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక బల్ల మీద కూర్చున్న మాస్టారి వైపు చూశాడు.

"అన్నానండీ. పొరపాటు. ఆ చిప్ చేతికిస్తే పని తెలిసినవాళ్లెవరైనా ఇలాగే రాస్తారు. అందులో నా గొప్ప ఏమీ లేదు."

దావా కొట్టేశారు. వరండాలో అవతలి లాయరు రఘోత్తమరావు పక్కకొచ్చి అడిగాడు.

"ఆ ఒక్క మాటతో మా కేసు పోయింది. మీకేమవుతాడండీ ఆ కుర్రాడు?"

"నా శిష్యుడు" అన్నారాయన, వరండా అంతా వినబడేట్టు.