మాబున్నికి కట్టిన తాయెత్తు

మాబున్ని నూనె గానుగను లారీకెక్కించిందని తెలిసి ఓబులయ్య ఎంత వేగంగా పరుగెత్తాడంటే, దారిలో ఆయన నీడ రెండుసార్లు వెనకబడిపోయింది. వచ్చి దర్గా అరుగు మీద కూర్చున్న గురువు దస్తగిరి తాత ముందు కూలబడ్డాడు.

"సామీ, ఊరు ఖాళీ అయితాంది. పోయినేడు ముగ్గురు పిల్లోళ్ళు దుకాణాలు ఎత్తుకోని పట్నం పోయినారు. ఇప్పుడు మాబున్ని. ఆ పిల్ల కూడా పోతే ఊళ్ళో అందరికన్నా చిన్నోణ్ణి నేనే!"

ఓబులయ్యకు అప్పటికే డెబ్బై దాటి, రెండో డెబ్బై నడుస్తోంది.

"ఏం కావాల?" అన్నాడు తాత.

"తాయెత్తు. కట్టించుకున్నోళ్ళు ఊరు దాటగూడదు."

అంతలో లారీ వచ్చి దర్గా ముందు ఆగింది. తాతకు చెప్పి పోదామని మాబున్ని దిగింది.

"ఎందుకు పోతాండావు తల్లీ?"

"జాగా లేక, తాతా. శనక్కాయల గోదాము పన్నెండేండ్లుగా ఖాళీ. బాడుగకు ఇయ్యమని ఎన్నిసార్లు అడిగినానో ఈ చిన్నాయన్నే అడుగు."

"గోదాము కమిటీ కూర్చోవాల గదమ్మా!" అన్నాడు ఓబులయ్య.

"కమిటీలో ఎంతమంది?" అన్నాడు తాత.

"ఐదుగురు సామీ."

"యాడుండారు?"

ఓబులయ్య శ్మశానం వైపు చూశాడు. "నలుగురు ఆడ. నేను ఈడ."

"గోదాములో ఏముంది?"

"ఏమీ లేదు. బీగం మాత్రం గట్టిది."

ఆ బీగంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. ఏనుగు తొండమంత ఇనుము. ఆయన నిద్రలో పక్కకు తిరిగితే ఆ చప్పుడుకు పక్కూళ్ళో కోళ్ళు లేస్తాయి.

తాత సంచిలోంచి పచ్చదారం తీశాడు. ఓబులయ్య ముందు చెయ్యి చాపాడు.

ఓబులయ్య ఆ చేతిని చూశాడు. మాబున్నిని చూశాడు. లారీని చూశాడు. మొలతాడు ముడి విప్పడానికి ఆయన వేళ్ళకు ఒక యుగం పట్టింది.

తాత ఆ బీగంచెవిని పచ్చదారానికి ఎక్కించి, మాబున్ని మణికట్టుకు కట్టాడు.

"మంత్రం వెయ్యలేదే సామీ?"

"దీనికి అక్కర్లేదు."

మాబున్ని చెయ్యి ఆడించి చూసుకుంది. "మరి కమిటీ కూర్చోవద్దా, చిన్నాయనా?"

ఓబులయ్య జారిపోతున్న పంచెను ఒక చేత్తో పట్టుకుని లారీ వెనక్కి పోయి, రెండో చెయ్యి గోదాము వైపు ఊపుతూ అరిచాడు.

"రానీ... రానీ... వెనక్కి రానీ!"