అచ్చిరాని చెయ్యి

అనగనగా కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇంట్లో, ఏడాది పొడుగునా తినాల్సిన ఆవకాయ శ్రావణమాసం రాకుండానే బూజు పట్టిపోయింది. జాడీ మొత్తం తీసుకెళ్ళి పెరట్లో గొయ్యి తీసి పూడ్చాల్సి వచ్చింది. జరిగింది అదీ. ఇక ఊ కొట్టు, ఎందుకు జరిగిందో చెబుతాను.

ఆ ఆవకాయ కలిపింది ఆ ఇంటి కొత్త కోడలు. పేరు వరహాలు. మొగుడు బండి తోలుకుంటూ ఊళ్ళు తిరిగేవాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఇంట్లో ఉండేది అత్తగారు భూషణమ్మ, మావగారు, మరిది. ఆడబిడ్డ పైడమ్మది పక్క వీధే. రోజుకోసారి వచ్చి ఏదో ఒకటి పట్టుకుపోయేది.

అత్తగారు జాడీ మూత తీసి చూసింది. లోపల దూది పరిచినట్టు తెల్లగా ఉంది. అప్పుడు ఆవిడ జాడీని చూడడం మానేసి, కోడలి చేతుల కేసి చూసింది.

"నీ చెయ్యి అచ్చిరాలేదే" అంది.

అంతకుముందూ ఆ ఇంట్లో ఆవకాయ పాడైన ఏళ్ళున్నాయి తల్లీ. ఒక ఏడు కాయ లేతదన్నారు. ఒక ఏడు నూనె కల్తీదన్నారు. ఒక ఏడు ముసురు ఎక్కువైందన్నారు. ఈ ఏడు అవేవీ వెతుక్కోనక్కర్లేకపోయింది. కొత్తకోడలు దొరికింది.

ఆ మాట వీధి దాటింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళు అప్పడాలు ఒత్తుకుంటూ, "నువ్వు పిండి ముట్టకమ్మా, కూర్చుని కబుర్లు చెప్పు చాలు" అన్నారు. ఎదురింటివాళ్ళు డాబా మీద వడియాలు పెట్టుకుంటూ, ఆమె వస్తుంటే గిన్నె మీద తువ్వాలు కప్పారు. ఆఖరికి సీమంతానికి వెళితే, పసుపు గిన్నె ఆమె దాకా వచ్చి, ఆమెను దాటుకుని పక్కావిడ చేతికి వెళ్ళింది.

అప్పడాలకి ఊరుకుంది. వడియాలకి ఊరుకుంది. పసుపు గిన్నె దాటిపోయినప్పుడు మాత్రం ఊరుకోలేదు. ఏడ్చిందనుకుంటున్నావా? ఏడవలేదు. ఇంటికొచ్చి చేతులు రెండూ చూసుకుంది. బాగానే ఉన్నాయి. పదివేళ్ళూ పనిచేస్తున్నాయి. "తప్పు చేతిలో లేకపోతే మరెక్కడో ఉండాలి కదా" అనుకుని, చిక్కుడుకాయల చాట ముందేసుకుని వంటింటి గడప మీద కూర్చుంది. మాగాయ జాడీ ఇంకా మిగిలి ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ వంటిల్లు ఎలా ఉండేదో ముందు చెప్పాలి నీకు. ఉప్పు ఒకనాడు కిటికీలో ఉండేది, ఒకనాడు బియ్యం డబ్బా మీద ఉండేది. అట్లకాడ పెరట్లో దొరికేది. గరిటె కావాలంటే ఇంటిల్లిపాదినీ అడగాలి. అదే భూషణమ్మకి గొప్ప. "మా ఇంట్లో దాపరికాలు లేవు. ఎవరొచ్చి ఏది తీసుకున్నా అడిగేవాళ్ళు లేరు" అని చెప్పుకునేది. తీసుకోవడం సరే, తిరిగి పెట్టేవాళ్ళు ఎవరూ లేరన్న మాట ఆవిడ చెప్పేది కాదు.

మొదట మావగారు వచ్చారు. పొలం నుంచి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, అన్నానికి కూర్చోబోతూ మాగాయ కోసం చూశారు. గరిటె కనిపించలేదు. మజ్జిగలో మునిగి ఉన్న గరిటె తీసి, రెండుసార్లు విదిలించి, జాడీలో పెట్టారు.

ఆ తర్వాత మరిది వచ్చాడు. చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకోవడానికి గుడ్డ దొరకలేదు. జాడీకి వాసెన కట్టిన గుడ్డే విప్పి చెయ్యి తుడుచుకున్నాడు. తిన్నాక ఆ తడిగుడ్డనే మళ్ళీ జాడీకి కట్టాడు. పాపం, బుద్ధిమంతుడు!

ఆ తర్వాత పైడమ్మ వచ్చింది. "కాస్త మాగాయ పట్టుకెళతానమ్మా" అంటూ, అప్పుడే తోమి బోర్లించిన గిన్నెతో, నీళ్ళు కారుతూ ఉండగానే జాడీలో ముంచింది.

చిక్కుళ్ళు ఒలవడం అయ్యేసరికి వరహాలుకి సంగతంతా తెలిసిపోయింది. లేచి అత్తగారి దగ్గరికి వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పింది.

భూషణమ్మకి కోపం వచ్చింది. "అంటే? నా మొగుడి చెయ్యి మంచిది కాదా? నా కొడుకు చెయ్యి మంచిది కాదా? నా కూతురి చెయ్యి మంచిది కాదా?"

"అందరి చేతులూ మంచివే అత్తయ్యా" అంది వరహాలు. "అందరి చేతులూ తడివే."

మర్నాడు పొద్దున్నే వరహాలు వంటింట్లో ఉన్నవన్నీ తెచ్చి వాకిట్లో పెట్టింది. మూతలేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, విరిగిన కవ్వం, ఎవరి పెళ్ళికో వచ్చి ఎన్నడూ వాడని పళ్ళాలు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

"ఇల్లు ఖాళీ చేస్తున్నారేంటి భూషణమ్మా?" అని ఒకావిడ అడిగింది.

"నా కోడలు నా పరువు ఖాళీ చేస్తోంది" అంది భూషణమ్మ.

వరహాలు తల ఎత్తలేదు. పనికొచ్చేవి ఒక పక్క పెట్టింది. బాగుచేయించాల్సినవి ఒక పక్క పెట్టింది. దేనికీ కొరగానివి ఒక పక్క పెట్టింది. ఆ తర్వాత వంటింటి గోడకి సున్నం కొట్టి, ఒక్కొక్కటే లోపలికి తెచ్చింది. రోజూ కావాల్సినవి చెయ్యి చాస్తే అందేట్టు, వారానికోసారి కావాల్సినవి పై అరలో, పండక్కి కావాల్సినవి అటక మీద. జాడీలకి పొయ్యికి దూరంగా, తడి తగలని మూలలో పీట వేసింది. పైన మేకు కొట్టి, దానికి ఒక కర్రతెడ్డు తగిలించింది. పక్కన పొడిగుడ్డ వేలాడదీసింది. ఆ తెడ్డు జాడీకి తప్ప ఇంక దేనికీ కాదు.

"ఏమిటే ఈ పెత్తనం? అన్నీ దాచేస్తున్నావా?" అంది అత్తగారు.

"దాచడానికైతే తాళం వేసేదాన్ని. నేను చోటు చూపించాను. ఎవరైనా తీసుకోవచ్చు. తీసినవాళ్ళు తీసిన చోటే పెట్టాలి. పెట్టకపోతే నన్ను అడగొద్దు. నేను వెతకను."

మొదట ఎవరూ నమ్మలేదు. కోడలు వెతక్కపోవడమేమిటని నవ్వుకున్నారు.

ఒకరోజు మావగారు విస్తరి ముందు కూర్చుని, "ఉప్పేదమ్మా?" అని కేకేశారు. "నిన్న మీరు పెట్టిన చోటే ఉంటుంది మావయ్యా" అంది వరహాలు. ఆయన నిన్న ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తులేదు. చప్పటి పప్పుతో తిని లేచారు.

ఇంకోరోజు మరిది, "వదినా, అట్టు వెయ్యవా?" అన్నాడు. "పిండి ఉంది, పెనం ఉంది. అట్లకాడ నువ్వు పిట్టల్ని తోలడానికి తీసుకెళ్ళావు" అంది. ఆ పూట అతను చద్దన్నం తిన్నాడు.

ఆ తర్వాత పైడమ్మ వచ్చి, "చింతపండు కాస్త పెట్టు వదినా" అంది. "నీకే ఇచ్చి పంపిన డబ్బాలో ఉంది. డబ్బా నీ ఇంట్లో ఉంది" అంది వరహాలు. పైడమ్మ మూతి ముప్ఫై వంకరలు తిప్పుకుంటూ వెళ్ళింది. సాయంత్రానికి డబ్బా తెచ్చింది. పాతవి ఇంకో రెండు గిన్నెలు కూడా తెచ్చింది!

ఊళ్ళో మాత్రం, "చెయ్యే మంచిది కాదనుకున్నాం, మనసూ ఇరుకే" అన్నారు. అననీ అనుకుంది వరహాలు. నువ్వైతే ఏమనుకునేదానివి? చూద్దాం, రేపు చెప్పు.

మళ్ళీ వేసవి వచ్చింది. తోటలోంచి పుల్లటి కాయ బుట్టల్లో దిగింది. అప్పుడు భూషణమ్మ అంది, "కాయ నువ్వు కడుగు. నువ్వు తుడువు. ముక్కలు నువ్వు కొట్టు. కలపడం మాత్రం నేను కలుపుతాను. నువ్వు జాడీ దరిదాపులకి రావద్దు."

వరహాలు కత్తిపీట పక్కకి జరిపింది.

"మూడుపూటలా వండడానికి పనికొచ్చే చెయ్యి, ఆవకాయకి పనికిరాదా? అయితే ఒక పని చేద్దాం అత్తయ్యా. సగం ముక్కలు మీవి, సగం నావి. ఒకటే కాయ, ఒకటే కారం, ఒకటే నూనె. మీ జాడీ మీ పద్ధతిలో పెట్టండి. నా జాడీ నా మూలలో పెడతాను. ఈసారీ నాది పాడైతే, నేను జన్మలో ఊరగాయ జోలికి రాను."

"మాట మీద ఉంటావా?"

"ఉంటాను. మీరూ ఉండండి."

భూషణమ్మ తన జాడీని ఎప్పట్లాగే అన్నాలు తినే చోట, అందరికీ అందుబాటుగా పెట్టింది. వరహాలు తన జాడీని పీట మీద పెట్టి వాసెన కట్టింది. ఆ జాడీలోంచి ఎవరు వేసుకున్నా కాదనలేదు. కానీ చెయ్యి తుడుచుకోవాలి, తెడ్డుతోనే తీయాలి, తెడ్డు మేకుకి తగిలించాలి. మావగారు రెండుసార్లు మర్చిపోతే రెండుసార్లూ ఆయన చెయ్యి పట్టుకున్నంత పనిచేసి ఆపింది. మూడోసారికి ఆయనే ఆగి గుడ్డ అందుకున్నారు.

జల్లులు పడ్డాయి. ముసురు పట్టింది. గోడలు చెమర్చాయి. వరహాలుకి గుండెలో బెరుగ్గానే ఉండేది. రోజూ పొద్దున లేస్తూనే జాడీ కేసి చూసేది, ముట్టుకునేది కాదు. మాటిచ్చింది కదా, ఓడితే ఊళ్ళోవాళ్ళు అన్నదంతా ఆమె నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది.

శ్రావణం వచ్చింది. ఒక శుక్రవారం నాడు భూషణమ్మ తన జాడీ మూత తీసింది. దూది పరిచినట్టు తెల్లగా ఉంది.

అప్పుడు భూషణమ్మ లేచి మూలకి వెళ్ళింది. పొడిగుడ్డతో చెయ్యి తుడుచుకుంది. తెడ్డు తీసుకుని కోడలి జాడీ వాసెన విప్పింది. పైన నూనె ఎర్రగా తేలి మెరుస్తోంది. ఒక ముక్క వేసుకుంది. వాసెన కట్టి, తెడ్డు మేకుకి తగిలించింది. తిన్నంతసేపూ తలెత్తలేదు.

తిన్నాక మాత్రం వీధిలోకి వెళ్ళి, కుళాయి దగ్గర నిలబడి చాటింపు వేసింది. "మా కోడలి చెయ్యి అచ్చొచ్చిందర్రా! బంగారం లాంటి చెయ్యి!"

ఆ మాటా వీధి దాటింది. మళ్ళీ ఏడాది కాయ దిగేసరికి వాకిట్లో ఆడవాళ్ళు బారులు తీరారు. అప్పడాలవాళ్ళు వచ్చారు, వడియాలవాళ్ళు వచ్చారు, సీమంతం ఇంటావిడా వచ్చింది. అందరి చంకల్లోనూ బేసిన్లే.

"అమ్మా వరహాలూ, ముందుగా నువ్వు ఒక్క పిడికెడు కలిపిపెట్టు తల్లీ. నీ చెయ్యి పడితే మాకు ఏడాదంతా నిలుస్తుంది."

భూషణమ్మ మొహం వెలిగిపోయింది. "కలపవే. మన ఇంటికి ఎంత పేరు!"

వరహాలు చేతులు కట్టుకుంది.

"కలపను."

"అయ్యో, అదేం మాటే? ఇంకా కోపమా?" అంది వచ్చినవాళ్ళలో ఒకావిడ.

"కోపం కాదు పిన్నీ. అప్పుడు అచ్చిరానిదన్నారు, ఇప్పుడు బంగారం అంటున్నారు. రెండూ ఈ చేతినే. ఇవాళ నేను కలిపాననుకోండి. రేపు మీ ఇంట్లో ఎవరో తడి గరిటె పెడతారు, బూజు పడుతుంది. అప్పుడేమంటారు? 'వరహాలు చెయ్యి మంచిదే, మా కోడలి చెయ్యే మంచిది కాదు' అంటారు. నాది మంచి చెయ్యని నేను ఒప్పుకుంటే, ఇంకెవరిదో చెడ్డ చెయ్యని ఒప్పుకున్నట్టే. నేను ఒప్పుకోను."

సీమంతం ఇంటావిడ వెనకాల ఆవిడ కొత్తకోడలు బుట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల అంతవరకు నేల చూపులు చూస్తోంది. అప్పుడు తలెత్తింది.

"మరి మాకు ఆవకాయ నిలవొద్దా?" అంది సీమంతం ఇంటావిడ.

"నిలవాలి. పదండి మీ వంటింటికి. అక్కడేది ఎక్కడుందో చూస్తాను. చోటు లేనివాటికి చోటు చూసిపెడతాను. కలిపేది మాత్రం మీ కోడలే."

అని, చీర కొంగు దోపుకుని, ఆ పిల్లని వెంటబెట్టుకుని ముందు నడిచింది.

ఆ తర్వాత వరహాలు ఆ ఊళ్ళో ఎన్నో వంటిళ్ళు సర్దిపెట్టింది. పైడమ్మ బతిమాలింది, అత్తగారు అలిగింది, పొరుగూరి నుంచి బండి కట్టుకుని వచ్చినవాళ్ళు దణ్ణం కూడా పెట్టారు. అయినా తన ఇంటి జాడీలో తప్ప, బతికున్నన్నాళ్ళూ ఎవరి జాడీలోనూ ఆమె చెయ్యి పెట్టలేదు.

కంచికెళ్ళే కథకి ఇక ఆగుడు లేదు,
ఇంటికొచ్చిన మనకి ఇక వాగుడు లేదు,
చేతుల్లో మంచీ లేదు, చేతుల్లో చెడూ లేదు,
కళ్ళు మూసుకో తల్లీ, కబుర్లకిక చోటు లేదు.