సన్యాసమ్మ బోర్లించిన గంప

అనగనగా, ఫోనుకు తోక ఉండే కాలంలో, గుర్రపువలస అనే ఊరు ఉండేది. తోకంటే మరేం కాదు, తీగ. ఊరంతటికీ ఒక్కటే తీగ. అది పట్నం నుంచి వచ్చి రెండుగా చీలేది. ఒక కొస పైడినాయుడి కొట్లో ఫోనుకి, ఇంకో కొస పక్కగదిలో భానుమతి కంప్యూటరుకి. మాటలు రావాలన్నా, బొమ్మలు రావాలన్నా అదే దారి.

ఆ తీగను నమ్మడానికి లేదు. గాలేస్తే పోయేది, వానొస్తే పోయేది, ఏమీ లేకపోయినా పోయేది. అందుకని ఊళ్లో ఓ అలవాటు పుట్టింది. కొట్టు ముందునుంచి వెళ్లే ప్రతివాళ్లూ ఫోనెత్తి చెవిన పెట్టుకుని, "ఉంది" అనో "పోయింది" అనో చెప్పి వెళ్లేవారు.

ఆ కొట్టు అరుగుమీద గంపతో మురీలు, అదే మరమరాలు, అమ్ముకునే సన్యాసమ్మకి మనవడు పుట్టాడు. కూతురు చిట్టెమ్మ ఏటికవతల పట్నంలో ఉంది. వానలకి దారి తెగింది.

"అమ్మా, పిల్లాడి ఫొటో పంపుతున్నాం, చూసుకో" అంది కూతురు ఫోనులో.

సన్యాసమ్మకి ఒకటే ఆత్రం. పోయిన పెనిమిటికి గడ్డం మీద సొట్ట ఉండేది. మనవడికి వచ్చిందా, రాలేదా?

కంప్యూటరులో బొమ్మ పైనుంచి కిందికి మెల్లమెల్లగా దిగింది. నుదురొచ్చింది. ఆగిపోయింది.

"పోయింది మామ్మా" అంది భానుమతి.

మర్నాడు నుదురొచ్చింది, కళ్లొచ్చాయి. ఆగిపోయింది.

మూడోసారి నుదురొచ్చింది, కళ్లొచ్చాయి, ముక్కొచ్చింది. ఇంక సన్యాసమ్మ వల్ల కాలేదు. "తీగ ఉందో లేదో చూసొస్తానుండవే" అని కొట్లోకి పరుగెత్తి ఫోనెత్తింది. చెవిలో కీచుకీచుమని అరుపు. అచ్చం పసివాడి ఏడుపే! ఆ వెంటనే గదిలోంచి కేక: "అయ్యో, మళ్లీ పోయింది!"

సన్యాసమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మో! నా మనవడొస్తుంటే నేనే దారికడ్డం పడ్డాను!"

అవును మరి. ఆ కీచుకీచు బొమ్మ వచ్చే చప్పుడే. తీగ ఒక్కటే కదా. ఇక్కడ ఫోనెత్తితే అక్కడ బొమ్మ తెగుతుంది. ఉందా అని చూసినవాళ్లే దాన్ని పోగొడుతున్నారు.

సన్యాసమ్మ మురీలు కొంగులో పోసుకుంది. ఖాళీ గంపని ఫోను మీద బోర్లించింది. పక్కనే చతికిలబడింది.

"ఇప్పుడు బొమ్మని పిలవ్వే భానూ!"

"మరి నువ్వు చూడవా మామ్మా?"

"నేను లేస్తే దీన్నెవరు కాస్తారే?"

పైడినాయుడే ముందు చెయ్యి చాచాడు. "ఓపాలి చూసి పెట్టెస్తానప్పా."

"చెయ్యి తియ్యరా నాయుడూ! నా మనవడు దారిలో ఉన్నాడు!" అని ఆ చేతిలో మురీలు పోసింది. ఇంకొకరొచ్చారు, మురీలు పోసింది. మరొకరొచ్చారు, మురీలు పోసింది. అందరూ నములుతూ గదిలోకి పోయారు.

"నుదురొచ్చిందే!"

"కళ్లొచ్చాయే!"

"ముక్కొచ్చిందే!"

తర్వాత చప్పుడు లేదు. సన్యాసమ్మ రెండు చేతులా గంపని అదిమిపట్టింది. "ఏటయ్యిందే? చెప్పండే!"

"సొట్టొచ్చిందే సన్యాసమ్మా! గడ్డం మీద సొట్టొచ్చిందే!"

లేచి పరుగెత్తిందమ్మా సన్యాసమ్మ! కొంగులో మురీలు దారి పొడుగునా రాలిపోయాయి.

ఆ తర్వాత ఎవరింటి బొమ్మ రావాలన్నా, ఎవరి పరీక్ష ఫలితం రావాలన్నా, గంప బోర్లించుకుని సన్యాసమ్మే కూర్చునేది.

ఇప్పుడు సన్యాసమ్మ లేదు. ఫోనుకు తోకా లేదు. కానీ గుర్రపువలసలో బారసాలనాడు బిడ్డని ఒక్కసారిగా చూపించరు. గుడ్డ కప్పి, ఆ గుడ్డని పైనుంచి మెల్లగా దింపుతారు. నుదురొచ్చిందే అంటారు, కళ్లొచ్చాయే అంటారు, ముక్కొచ్చిందే అంటారు. బిడ్డ అమ్మమ్మ గడప బయట గంప బోర్లించుకుని, "ఏటయ్యిందే? చెప్పండే!" అని అడగాలి. అప్పుడు ఊరంతా ఒక్క గొంతుతో అరుస్తుంది, "సొట్టొచ్చిందే!" అని.

సొట్ట ఉన్నా సరే, లేకపోయినా సరే.