బల్లల కింది చాప

చింతలకోన రాజుగారు రాణులిద్దరి గదుల్లోనూ చెక్కబల్లల నేల వేయించారు. వడ్రంగి నాగోజు బల్లల కింద కొబ్బరిపీచు చాప పరిచాడు. దాంతో ఎవరు నడిచినా చప్పుడు లేదు. అందరూ మెచ్చుకున్నారు, పెద్దరాణి తప్ప.

ఆమె నాగోజును పిలిపించింది. "పక్కగదిలోకి రాజుగారు ఎప్పుడొస్తున్నారో తెలియక చస్తున్నాను. చిన్నరాణి నేల కింద ఆ చాప పీకెయ్. ప్రతి అడుగూ నాకు వినపడాలి. లేదంటే నీ చేతులు తీయిస్తా!"

నాగోజు ఆలోచించాడు. పీకితే రాజుగారు ఊరుకోరు, పీకకపోతే ఈవిడ ఊరుకోదు.

"అలాగే తల్లీ. కానీ ఆ అడుగులు వింటూ తమకు నిద్రెలా పడుతుంది? తమ నేల కింద చాపే తీసేస్తాను. వినే బాధేదో ఆవిడే పడుతుంది."

"ఆయన నా గడప తొక్కితే కదరా ఆవిడ వినడానికి!"

"రాజుగారి పాత పాంకోళ్ళు తమ దగ్గర ఉండే ఉంటాయి. అవి వేసుకుని తమరే నడవండి."

నాలుగు రోజులకే చిన్నరాణి రాజుగారిని నిలదీసింది. "సాయంత్రమైతే అక్కగారి గదిలో పచార్లు చేస్తున్నారే! నాకు వినపడదనుకున్నారా?"

రాజుగారు అటువైపు వెళ్ళిందే లేదు. మరి ఆ మగ అడుగులు ఎవరివి? కత్తి దూసి పరుగెత్తి, పెద్దరాణి తలుపు ఒక్క తోపు తోశారు.

లోపల ఆయన పాంకోళ్ళతోనే పెద్దరాణి టకటకా తిరుగుతోంది.

రాజుగారు పగలబడి నవ్వారు. కత్తి పక్కన పెట్టి కూర్చున్నారు. ఆ రాత్రి అక్కడే ఉండిపోయారు.

మర్నాడు నాగోజుకు రాజుగారి కబురొచ్చింది. "పెద్దరాణి గదిలో చాప వెంటనే వెయ్యి. ఈసారి రెండు వెయ్యి."