పొట్లపందిరి కింద పీట

ఒకానొక రాజ్యంలో, పొద్దు వాలితే చాలు, రాజుగారి పెరటితోట వైపు ఎవరూ తల తిప్పి చూడని కాలం ఒకటి వచ్చింది.

ఆ రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలుతున్నాడు. తండ్రి పోయి ఏడాది కావస్తోంది. గద్దె ఎక్కిన నెలకే ఆయన రెండు శాసనాలు రాతిమీద చెక్కించాడు. మొదటిది: ఫలం ఇవ్వనిది నా నేలమీద ఉండరాదు. రెండోది: మొదటి శాసనం తప్పన్నవాడికి నాలుక ఉండరాదు.

రెండోది ఉండబట్టి మొదటిది దివ్యంగా అమలైంది. కాయని చెట్లు కొట్టేశారు. ముసలి ఎద్దులను అడవికి తోలేశారు. వీధి భాగవతులు గజ్జెలు మూటగట్టుకుని పొరుగు రాజ్యానికి పోయారు.

విదూషకుడు సూరప్ప మాత్రం మిగిలాడు. చదువంటారా, పంతులుగారి అరుగు పక్కన మేకలు కాస్తూ చెవిన పడ్డంత. ధైర్యమంటారా, మీద బల్లి పడితే రెండు రోజులు ఇల్లు కదలనంత. "నన్నెందుకు వదిలారో తెలుసా? నన్ను నరికితే గొడ్డలికి నామోషీ" అని తనే చెప్పుకుని తిరిగేవాడు.

ఇక ఆ తోట సంగతి. పెద్దరాజుగారు బతికున్న రోజుల్లో ముచ్చటపడి వేయించుకున్న పొట్లపందిరి ఒకటి అక్కడ ఉంది. దాని కింద ఆయన పనసచెక్క పీట. రోజూ సాయంత్రం వచ్చి, ఆ పీట మీద ఊరికే కూర్చునేవాడు. ఆయన పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు.

పొట్లకాయ వంకర తిరగకుండా తిన్నగా దిగాలని కొసకు దారంతో రాయి కడతారు కదా. పోయిన కాపు రాళ్ళను తోట చూసే ముత్యాలవ్వ దారాలతో సహా పందిరి వాసాలకే వేలాడదీసి ఉంచింది. ఈసారి కాపే లేదు. కాయల్లేని పందిరి కింద వంద రాళ్ళు వేలాడుతుండేవి. గాలి కదిలితే ఒకదానికొకటి తగిలి టక్, టక్ మనేవి.

పెద్దరాజుగారు చివరి రోజుల్లో చేతికర్ర తాటిస్తూ నడిచిన చప్పుడు సరిగ్గా అదే.

ప్రచండవర్మకు కంటిమీద కునుకు కరువైంది. పగలు పిందెలు చూడబోతే అదో భయం. సాయంత్రం విచ్చిన పువ్వు వెనక వేలెడు పిందె పచ్చగా నిగనిగలాడుతుంది. మూడోనాటికి ఎవరో నోరుపెట్టి పీల్చేసినట్టు ముడుచుకుని, పసుపు రంగుకు తిరిగి, నేలరాలుతుంది. ఒక్కటంటే ఒక్కటి నిలవదు.

"పిశాచం, ప్రభూ!" అన్నాడు ఆస్థాన జ్యోతిష్కుడు లక్షణావధాని. ఆయనకు తెలియనిది లోకంలో లేదు, తెలిసినదీ అంతగా లేదు. "ఆ ముసలిది చేతబడి చేసింది. లేకపోతే తమ తండ్రిగారి పందిరికి ఈ గతి ఏమిటి?"

ముత్యాలవ్వను సభకు ఈడ్చుకొచ్చారు. రాజు కళ్ళెర్రజేశాడు. "ఇరవైనాలుగు రోజుల్లో మా నాన్నగారి ఆబ్దికం. ఆయన పందిరి పొట్లకాయ విస్తట్లో పడకపోతే నీకు గుండు గీయించి, గాడిద మీద పొలిమేర దాటిస్తాను. పిశాచంతో ఏం చెప్పుకుంటావో చెప్పుకో!"

అవ్వ నోరు విప్పబోయింది. సభలో గోడకానించి ఉన్న శాసనాల రాయి కనబడింది. నోరు మూసుకుంది.

తల్లిలేని సూరప్పకు చిన్నప్పుడు గంజి పోసి పెంచింది ఆమే. "ప్రభూ, ఆ పిశాచంతో నేను మాట్లాడి వస్తాను" అని ఎవరో అన్నారు. ఎవడా ఈ వెర్రివాడు అని సూరప్ప చుట్టూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు.

ఆ సాయంత్రమే వెళ్ళాడు. ఒక చేతిలో దీపం, రెండో చేతిలో తాయెత్తు. తాయెత్తునే ముందు పెట్టుకుని నడిచాడు.

"దీపం ఆర్పెయ్యి నాయనా" అంది అవ్వ చీకట్లోంచి.

"ఆర్పితే నువ్వు కనపడవే, అవ్వా?"

"నేను కనపడక్కర్లేదు. వచ్చేవాళ్ళకి దీపం ఉండకూడదు. పెద్దరాజుగారు ఏనాడూ పెట్టనివ్వలేదు."

వచ్చేవాళ్ళెవరని అడిగే ధైర్యం లేక సూరప్ప దీపం ఆర్పాడు. పీటకు దూరంగా నేలమీద చతికిలపడ్డాడు.

కాసేపటికి సన్నగా వెన్నెల పరుచుకుంది. పందిరి కదలడం మొదలుపెట్టింది. గాలి లేదు. ఆకుల మధ్య తెల్లగా ఒకటి, ఇంకొకటి, మరొకటి కళ్ళు తెరిచినట్టు విచ్చుకున్నాయి. ఒక్కో పువ్వు చుట్టూ నెరిసిన వెంట్రుకల్లా సన్నని పోగులు. నలభై ముసలి ముఖాలు తలకిందులుగా వేలాడుతూ తనను చూస్తున్నట్టనిపించింది. అంతలో చెంప మీద చల్లగా, మెత్తగా ఏదో రాసుకుని పోయింది.

"అవ్వా! తాకింది!"

"పురుగు రా. రెక్కల పురుగు. ఈ పూలకోసం వచ్చింది. వచ్చి ఏం లాభం? ఒట్టి చేతులతో వచ్చింది."

"పురుగుకి చేతులేమిటే?"

అవ్వ నాలుక చూపించి, దాని మీద వేలితో కత్తి గీసింది. తర్వాత చెయ్యి పట్టుకుని పందిరి చివరకు తీసుకుపోయింది. అక్కడ తట్టనిండా పొట్లమొగ్గలు, గుత్తులు గుత్తులుగా. రాజుగారి బంట్లు రోజూ సాయంత్రానికి ముందే వచ్చి తెంపి పోస్తున్నారు. తెంపినా సరే, తడిగుడ్డ కింద అవీ విచ్చుకుంటున్నాయి.

తీగ మీది పువ్వొకటి వంచి సూరప్ప వేళ్ళకు తగిలించింది అవ్వ. వెనక సన్నగా పిందె. నడిమధ్యన బొడిపె, జిగురుగా ఉంది. ఆపైన తట్టలోని పువ్వొకటి ఇచ్చింది. వెనక పిందె లేదు. నడుమ బొడిపె బదులు కేసరాలు. ముట్టుకుంటే వేలికి మెత్తని పొడి అంటింది. పసుపు రాసుకున్నట్టుంది.

సూరప్ప తన వేలిని చూసుకున్నాడు. పిందెపువ్వును చూశాడు. ఖాళీగా తిరిగిపోతున్న పురుగును చూశాడు. మెదడు లేదని తను ఊరంతా చాటుకున్న చోట ఏదో టక్కుమంది.

"ఇవి పోతుపూలు కదే, అవ్వా! పిందె లేదు గనక ఫలం ఇవ్వనివని..."

అవ్వ చప్పున అతని నోరు మూసింది. "నేను అనలేదు నాయనా. నువ్వూ అనలేదు."

మర్నాడు సభలో రాజు సింహాసనం అంచుకు జరిగి అడిగాడు. "కనిపించారా? మా నాన్నగారు..."

"లేదు ప్రభూ. ఆడపెళ్ళివారు కనిపించారు."

సభలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నలభైమంది పెళ్ళికూతుళ్ళు, ప్రభూ. పొద్దువాలగానే తెల్లటి మధుపర్కాలు కట్టుకుని, తలలు వంచుకుని కూర్చుంటున్నారు. తెల్లారేదాకా చూస్తారు. పెళ్ళికొడుకు రాడు. మూడోనాటికి ఒళ్ళంతా పసుపు రంగుకు తిరిగి రాలిపోతారు. మర్నాడు మళ్ళీ నలభైమంది. ఏడాదిగా ఇదే తంతు. పెళ్ళి చేసే ఇంటిపెద్ద పోయాడు కదా! ఆ పెద్దరికం ఇప్పుడు తమది."

రాజు నుదుట చెమట పట్టింది. "నన్నేం చెయ్యమంటావు?"

"ఇవాళ సాయంత్రం తమ చేత్తో పెళ్ళి చెయ్యాలి. దీపం ఉండకూడదు. ఏడుగురికి చాలు. ఎక్కువ చేస్తే నాకు భయం."

ఆ సాయంత్రం లక్షణావధాని తోట గుమ్మం దగ్గరే ఆగి, లోపలికి రాకుండానే మంత్రాలు అందుకున్నాడు. రాజు, సూరప్ప పందిరి కిందికి వెళ్ళారు. పూలు విచ్చుకుంటున్నాయి. సూరప్ప ఒక తెల్లపువ్వు రాజు చేతిలో పెట్టి, "దీని నడిమధ్యను ఆ పువ్వు నడిమధ్యకు తాకించండి. మెల్లగా. కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు, నేనూ మూసుకునే ఉన్నాను" అన్నాడు.

రాజు తాకించాడు. సూరప్ప అందించిన పసుపుతాడుతో కాడకు మూడుముళ్ళు వేశాడు. అలా ఒక పువ్వు, రెండు, మూడు. నాలుగో పువ్వు దగ్గర బూడిదరంగు పురుగొకటి వచ్చి ఆయన మణికట్టు మీద వాలింది. ముసలివాడి వేలంత బరువు. రాజు కదల్లేదు. "నాన్నగారూ, నా తప్పేమిటి?" అన్నాడు, పసిపిల్లవాడి గొంతుతో.

ఆ గొంతు సూరప్ప అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ ఒక్కక్షణం నిజం చెప్పేద్దామనిపించింది. పందిరి కింద రాళ్ళు టక్ మన్నాయి. చెప్పలేదు.

మూడోనాటికి తాడు లేనివన్నీ ఎప్పట్లాగే రాలిపోయాయి. తాడు కట్టిన ఏడూ పచ్చగా నిలిచి జానెడు సాగాయి. అవ్వ వాసాలకున్న రాళ్ళు విప్పి ఏడు కాయలకు కట్టి, మిగతావి మూటగట్టి గుడిసెలో పెట్టింది. ఆ రాత్రి నుంచి రాజుకు చేతికర్ర చప్పుడు వినబడలేదు.

ఆబ్దికం నాడు పొట్లకాయ కూర విస్తట్లో పడింది. కాకి వచ్చి అన్నిటికంటే ముందు దాన్నే ముట్టింది.

సాయంత్రం సభలో లక్షణావధాని లేచాడు. "నా మంత్రబలం చూశారా, ప్రభూ!"

"కళ్ళారా చూశాం" అన్నాడు సూరప్ప. "ఆ మంత్రం గుమ్మం దాటి లోపలికి రావడానికి భయపడడం కూడా చూశాం."

రాజు చెయ్యెత్తి సభను ఆపాడు. "సూరప్పా, ఆ రోజు నా చేతికిచ్చిన పువ్వు ఎక్కడిది?"

సూరప్ప తట్ట తెచ్చి సింహాసనం ముందు పెట్టాడు. "తమ శాసనం నేను దాటలేదు ప్రభూ. తమ బంట్లు తెంపి పారేసిన వాటిలోంచే ఏరుకున్నాను."

రాజు తట్టలోకి చూశాడు. ఒక పువ్వు తీసి వెనక్కి తిప్పాడు. పిందె లేదు. వేలికి అంటిన పసుపు పొడిని చాలాసేపు చూశాడు. ముఖం మెల్లగా పాలిపోయింది, ఆ తర్వాత ఎర్రబడింది.

"అంటే ఏడాదిగా ఆ పిందెలను చంపుతున్నది..." మాట పూర్తిచేయలేదు. గొంతు పెంచాడు. "అంటే నా శాసనం తప్పంటావా?"

తలారి కత్తి సర్దుకున్నాడు. ముత్యాలవ్వ కళ్ళు మూసుకుంది.

సూరప్ప రెండు చేతులూ జోడించాడు. "ఎంతమాట! నా గోడు ఒక్కటే, ప్రభూ. ఆ శాసనం ఇంకా సరిగ్గా అమలుకాలేదు. ఈ రాజ్యంలో దున్నకుండా, నెయ్యకుండా, కాయ కాయకుండా, సాయంత్రమయ్యేసరికి తెల్లబట్టలు కట్టుకుని కొలువులో విచ్చుకుని కూర్చునే పోతుపూలు ఇంకా రెండున్నాయి. ఒకటి నేను."

"రెండోది?"

"చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ నాలుక ఒక్కటే ఉంది ప్రభూ. అది తమ రెండో శాసనం చేతిలో ఉంది."

రాజు తన తెల్లటి ఉత్తరీయం వంక చూసుకున్నాడు. అంచున వేలాడుతున్న పోగులు చూసుకున్నాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత రాజు పగలబడి నవ్వాడు. ఏడాది తర్వాత ఆ సభలో నవ్వు వినబడింది.

శాసనాల రాయిని తీయించి తోటలో అవ్వ కాళ్ళు కడుక్కోవడానికి వేయించాడు. ఆమెకు పట్టుచీర పెట్టి కాళ్ళకు దండం పెట్టాడు. భాగవతులకు కబురు పంపాడు. అవధానిగారికి పొట్లకాయలకు రాళ్ళు కట్టే కొలువిచ్చాడు.

"ఇక నీకు, సూరప్పా! పది పుట్ల ధాన్యం, ఒక అగ్రహారం... అవి అందరికీ ఇచ్చేవే. నీకొక పెద్ద గౌరవం. రోజూ సాయంత్రం మా నాన్నగారి పీట మీద కూర్చో. ఏ పనీ చెయ్యకు. ఊరికే కూర్చోవడమే నీ కొలువు."

సూరప్ప తాయెత్తు తడుముకున్నాడు. కానీ రాజు ఆనందంగా ఉన్నాడు. కాదనేంత ధైర్యం తనకెక్కడిది?

మర్నాడు పొద్దువాలాక వెళ్ళాడు. పందిరి మీద పోతుపూలు, పిందెపూలు కలిసే విచ్చుకుంటున్నాయి. పురుగులు పసుపు పూసుకుని తిరుగుతున్నాయి. సూరప్ప దేవుళ్ళందరినీ తలచుకుని పీట మీద కూర్చున్నాడు.

పీట వెచ్చగా ఉంది.

"అవ్వా!" కేక సగంలో అణిగి గొణుగుడైంది. "ఎండకు కాగినట్టుందే పీట?"

"పందిరి కింద ఎండెక్కడిది నాయనా?" అంది అవ్వ గుడిసెలోంచి. "కాస్త పక్కకు జరిగి కూర్చో. ఇద్దరికీ సరిపోతుంది."

సూరప్ప జరిగి కూర్చున్నాడు.